వేషంలో వేషం: సావిత్రి నటన

సాహిత్య వ్యాసాల సంపుటంలో సినిమా నటిని గూర్చి ఒక వ్యాసమెందుకని పాఠకులలో కొందరైనా అడుగుతారు. ప్రశ్న సమంజసమైనదే. నా సమాధానం ఇది: శరత్ బాబు పార్వతిని పుస్తకంలో కలుసుకొన్న తెలుగువారికన్న తెర మీద కలుసుకొన్నవారే ఎక్కువ. ఆశాపూర్ణాదేవి పేరు ఎన్నడూ వినని ఇండ్లలో కూడ ఆమె ‘అగ్నిపరీక్ష’ కథ తెలుసు. గురజాడ మధురవాణి పేరు చెప్పగానే, నాటకం చదివినవారి మనస్సులో సైతం ఒక ముఖం మెదులుతుంది. ఈ ముగ్గురు స్త్రీలకూ తెలుగునాట ముఖం ఒక్కటే. అది సావిత్రిది.

1953లో ‘దేవదాసు’. 1955లో మణిలాల్ బెనర్జీ ‘స్వయంసిద్ధ’ నవల ఆధారంగా ‘అర్ధాంగి’. అదే సంవత్సరం ‘కన్యాశుల్కం’. 1957లో శరత్ ‘నిష్కృతి’ని అనుసరించిన ‘తోడికోడళ్ళు’. 1959లో ‘అగ్నిపరీక్ష’ కథతో ‘మాంగల్యబలం’. 1964లో కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ నవల ‘డాక్టర్ చక్రవర్తి’గా వచ్చినది. పదకొండేండ్లలో ఇన్ని గ్రంథాలను ఒక్క నటి తన ముఖం మీద మోసినది. అనువాదాన్నే జీవితపు పనిగా పెట్టుకొన్న నావంటివారికి ఈ లెక్క కొంచెం అసూయ కలిగించేదిగానే ఉంటుంది. మేము ఒక్కొక్క మాటకు నిఘంటువులు వెదుకుతూ ఉండగా, ఆమె ఒక్క చూపుతో వంగదేశపు అమ్మాయిని గుంటూరు జిల్లా అమ్మాయిగా మార్చివేసినది.

జీవిత కథ అందరికీ తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. సావిత్రి గుంటూరు జిల్లా చిర్రావూరులో, నిశ్శంకర వారింట పుట్టినది. పసితనంలోనే తండ్రి పోయినాడు. పెద్దతల్లి భర్త కొమ్మారెడ్డి వెంకట్రామయ్య చౌదరి విజయవాడలో పెంచినాడు. అక్కడ నృత్యం నేర్చుకొన్నది, నాటకాలు ఆడినది. మద్రాసు చేరిన తరువాత 1950 నాటి ‘సంసారం’లో కథానాయిక వేషం చేతికి అందినట్లే అంది జారిపోయి, చిన్న వేషం మిగిలినది. మరుసటి ఏడు ‘పాతాళ భైరవి’లో ఒక నృత్యం, 1952లో ‘పెళ్ళిచేసి చూడు’లో రెండవ నాయిక. ఆ తరువాత ‘దేవదాసు’. నటుడు జెమినీ గణేశన్‌తో వివాహం, అప్పటికే అతనికి వేరొక సంసారం ఉండడం, ఇద్దరు బిడ్డలు, 1960ల చివర స్వయంగా చిత్రాలు తీసి నష్టపోవడం, 1980 మేలో స్పృహ తప్పి పందొమ్మిది నెలలు అట్లే ఉండి 1981 డిసెంబరు 26న మద్రాసులో కన్నుమూయడం, ఇవన్నీ తెలుగువారికి పురాణ కథ వలె కంఠస్థమైనవి.

నా చిక్కు ఇక్కడనే మొదలవుతుంది. ఈ పురాణం ఎంత బలపడినదంటే, ఇప్పుడు సావిత్రి చిత్రాలను చూచేవారు పార్వతిని చూడరు, మేరీని చూడరు. రాబోయే దుఃఖాన్ని ముందుగానే తెలుసుకొని, ఆ దుఃఖపు నీడను ప్రతి దృశ్యంలోనూ వెదుకుతారు. ఆమె నవ్వితే జాలిపడుతారు. ఏడిస్తే నిజంగానే ఏడ్చినదనుకొంటారు. ఇందువల్ల ఆమె కళకు జరిగిన అన్యాయం చిన్నది కాదు. ‘తన బాధనే తెర మీద పోసినది’ అన్న పొగడ్తకు అర్థమేమి? ఆమెకు పని తెలియదు, బాధ మాత్రమే తెలుసునని! ఇంతకన్న కళాకారులను కించపరిచే మాట వేరొకటి నాకు కనిపించదు.

ఆమె గొప్ప పాత్రలను ఒకచోట పెట్టి చూస్తే వాటి మధ్య ఒక పోలిక బయటపడుతుంది. అవి ఏడ్చే స్త్రీల పాత్రలు కావు. నటించవలసి వచ్చిన స్త్రీల పాత్రలు. పార్వతి ఒక ఇంటి యజమానురాలిగా నటించాలి. మేరీ ఒకని భార్యగా నటించాలి. మధురవాణికి నటన కులవృత్తి. మాయా శశిరేఖ నటనకు పరాకాష్ఠ. ‘చివరకు మిగిలేది’లోని నర్సుకు ప్రేమను నటించడమే ఉద్యోగం. వేషం వేసుకొన్న మనిషి వేషాన్ని ధరించడం సావిత్రి ప్రత్యేక విద్య.

తెలుగులో ఈ మాటకు ఒక చమత్కారమున్నది. నటన అంటే కళ. ‘నటించకు’ అంటే మాత్రం నిజం చెప్పు, బుకాయించకు అని. ‘వేషం కట్టినాడు’ అంటే ప్రశంస. ‘వేషాలు వేయకు’ అంటే చీవాటు. హిందీలో ‘అభినయ్’ అన్న మాటకు ఈ మచ్చ అంతగా అంటలేదు. మందలించవలసి వస్తే అక్కడివారు ‘నాటక్ మత్ కరో’ అని నాటకాన్ని ముందుకు తోస్తారు, అభినయాన్ని కాపాడుకొంటారు. మన భాషలో కళకూ కపటానికీ ఒకే గుమ్మం. సావిత్రి ఆ గుమ్మంలో నిలబడి రెండు వైపులా కనబడిన నటి.

‘దేవదాసు’తోనే మొదలుపెడుదాం. శరత్ 1917లో ప్రచురించిన ఆ చిన్న నవలలో పార్వతి కథ రెండు భాగాలు. మొదటి భాగంలో ఆమె మనస్సులో ఉన్నదంతా బయట ఉన్నది. అర్ధరాత్రి దేవదాసు గదికి తానే నడిచి వెళ్ళగలిగిన పిల్ల. రెండవ భాగంలో ఆమె భువన చౌదరి అనే వయస్సు మళ్ళిన జమీందారు భార్య, తన వయస్సు వారికి, తనకన్న పెద్దవారికి సవతి తల్లి. అలుగుతున్న సవతి కూతురికి తన నగలన్నీ తీసి పెట్టి ఆమెను గెలుచుకొంటుంది. శరత్ ఈ భాగాన్ని కొద్ది పుటలలో ముగించినాడు. పార్వతి లోపల ఏమి జరుగుతున్నదో ఎక్కువ చెప్పలేదు. ఆ చెప్పకపోవడమే నవలలో గొప్పతనమని నా అభిప్రాయం.

వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో సావిత్రి ఈ పాత్ర వేసేనాటికి ఆమెకు ఇరవై ఏండ్లు నిండలేదు. పూర్వ భాగంలో అల్లరిపిల్లగా ఆమె చక్కగా ఉన్నది. అంతవరకు ఇతర నటీమణులు కూడ చేయగలిగేవారే. జమీందారు ఇంట అడుగుపెట్టిన తరువాత నడక మారినది. మాట నెమ్మదించినది. తల ఎత్తి చూచే చూపులో ఒక పెద్దరికం వచ్చినది. కాని ఆ పెద్దరికం కొత్త బట్ట వలె ఆమెకు ఇంకా అమరలేదు. ప్రేక్షకుడికి అది తెలుస్తూ ఉంటుంది. ఇంటివారికి మాత్రం తెలియదు. నటి ఇక్కడ చేసిన పని ఏమిటంటే, పార్వతి చాలా బాగా నటిస్తున్నదని మనకు చూపడం. పార్వతి నటన లోపంగా ఉంటే ఇంటివారు కనిపెట్టేవారు. లోపమే లేకపోతే మనకు లోపలి మనిషి కనబడేది కాదు. ఈ వెంట్రుకవాసి దారిలో ఆ వయస్సులో ఆమె నడిచినది. చివర వాకిట దేవదాసు పడి ఉన్నాడని తెలిసి పరుగెత్తినప్పుడు ఆ పెద్దరికమంతా ఒక్క క్షణంలో రాలిపోతుంది. ఆ పరుగులో మళ్ళీ మొదటి భాగపు పిల్లయే కనబడుతుంది. తలుపులు మూతపడేది జమీందారు భార్య ముందు కాదు, ఆ పిల్ల ముందు.

రెండేండ్ల తరువాత బిమల్ రాయ్ హిందీ ‘దేవదాస్’లో ఈ పాత్రను సుచిత్రా సేన్ ధరించినది. హిందీలో ఆమెకు అదే మొదటి చిత్రం. ఆమె పారో మొదటినుండి ఒక ఎత్తులో నిలబడిన మనిషి. జమీందారు ఇంట ఆమె రాణిగా ఉండడం మనకు వింతగా తోచదు. అందం అందమే, కాని అక్కడ శరత్ వ్రాసిన ఆ అమరని బట్ట లేదు. ఇది పక్షపాతమనుకొనేవారు రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూడవచ్చును.

నేనుండే భిలాయి సెక్టర్ 2లో ఇటువంటి పోలికలు పుస్తకాల పని కాదు, ఇరుగుపొరుగు మాటలు. సోవియట్ సహకారంతో వెలసిన ఉక్కు కర్మాగారంలో 1959లో మొదటి కొలిమి వెలిగిన నాటినుండి పని కోసం నానా ప్రాంతాల వారు వచ్చి చేరినారు. ఒక గోడకు ఈవల తెలుగు, ఆవల హిందీ. ఒకే కథను మేము ఒక పేరుతో, వారు వేరొక పేరుతో ఎరుగుదుము. పొరుగున ఉండే ఒక హిందీ పెద్దమనిషి, నేను సావిత్రిని గూర్చి చెప్పబోగా, “దక్షిణాది మీనాకుమారి అన్నమాట” అని తేల్చివేసినాడు. ఆయన ఉద్దేశం మెచ్చుకోలే. ఇద్దరి జీవితాంతాలూ తలచుకొని చేసిన పోలిక అది. మీనాకుమారి 1972లోనే పోయినది. ఆమెకు కూడ కన్నీటి రాణి అన్న బిరుదు అంటగట్టి, ఆమె పనిని దాని కింద పాతిపెట్టినారు. చమత్కారమేమంటే, ఈ ఇద్దరూ నిజంగా ఒకే పాత్ర ధరించిన మాట సత్యమే. కాని అది కన్నీటి పాత్ర కాదు. నవ్వించే పాత్ర.

‘మిస్సమ్మ’ కథకు మూలం రవీంద్రనాథ్ మైత్ర రచించిన ‘మన్మొయీ గర్ల్స్ స్కూల్’ అనే వంగ ప్రహసనం. దానిని తెలుగు చేసినవాడు చక్రపాణి. శరత్ నవలలను ఎంత సహజంగా తెనిగించినాడంటే, శరత్ తెలుగువాడే అనుకొన్న పాఠకులుండేవారని చెప్పుకొంటారు. అటువంటి అనువాదకుడు నాగిరెడ్డితో కలిసి చిత్ర నిర్మాణంలోకి దిగడం తెలుగు సినిమాకు కలిసివచ్చిన అదృష్టాలలో ఒకటి. దర్శకుడు ఎల్. వి. ప్రసాద్. మేరీ పాత్రకు మొదట భానుమతిని తీసుకొని కొంత చిత్రీకరణ కూడ జరిపినారు. నిర్మాతలతో పొసగక ఆమె తప్పుకొన్నది. రెండవ నాయికగా ఉండవలసిన సావిత్రి మేరీ అయినది. సావిత్రి వదలిన పాత్ర జమునకు వచ్చినది.

కథ తెలిసినదే. ఒక బడిలో దంపతులైన ఉపాధ్యాయులు కావాలన్నారు. అప్పుల బాధలో ఉన్న క్రైస్తవ యువతి మేరీ, నిరుద్యోగి ఎం. టి. రావు భార్యాభర్తలమని అబద్ధమాడి ఉద్యోగంలో చేరుతారు. జమీందారు దంపతులు మేరీలో తప్పిపోయిన తమ పెద్దకూతురు మహాలక్ష్మిని చూచుకొని మురిసిపోతారు. చివరకు ఆమె నిజంగా మహాలక్ష్మియే! అంటే మేరీ మహాలక్ష్మిగా నటించినంతసేపూ తన స్వరూపాన్నే నటించినదన్నమాట. ప్రహసనం అడుగున ఉన్న ఈ మెలికను గమనించినవారు తక్కువ. సావిత్రి గమనించినదని నా నమ్మకం. ఎందుకంటే, నలుగురిలో ఇల్లాలిగా ఉన్నప్పుడు ఆమె అయిష్టంలో అక్కడక్కడ ఒక సుఖం తొంగిచూస్తుంది. తలుపు మూయగానే కోపం వస్తుంది. ఆ కోపం రావు మీదనా, తలుపు తెరచి ఉండగా తనకు కలిగిన సుఖం మీదనా అన్నది ఆమె తేల్చి చెప్పదు. రావు వద్ద జమున పాత్ర సంగీతం నేర్చుకొంటూ ఉంటే మేరీకి కలిగే అసూయ కూడ ఇట్లే ముందు ముఖంలో పుట్టి, తరువాత ఆమెకు తెలిసివస్తుంది. హాస్యంలో ఈ క్రమం చాలా కష్టం. మనస్సుకన్న ముఖం ఒక అడుగు ముందుండాలి. మనం నవ్వేది ఆ ఒక్క అడుగుకే.

1957లో ప్రసాదే హిందీలో ‘మిస్ మేరీ’ తీసినాడు. మీనాకుమారి ఎంత చలాకీగా, ఎంత చురుకుగా చేసినదో చూస్తే కన్నీటి రాణి బిరుదు ఇచ్చినవారికి సిగ్గు కలగాలి. అయినా రెండు మేరీలకూ భేదమున్నది. హిందీ మేరీ కోపం ఒక చదువుకొన్న యువతి అభిమానం నుండి వచ్చినది. తెలుగు మేరీ కోపం అప్పు నుండి వచ్చినది. ఈ ఉద్యోగం పోతే ఏమవుతుందోనన్న బెదురు సావిత్రి చిరాకు వెనుక ఎప్పుడూ ఉంటుంది. కనుకనే ఆ చిరాకు ముద్దుగా ఉండి కూడ బరువుగా ఉంటుంది.

మధురవాణి విషయం అంత సులభంగా మెచ్చుకోలేను. 1892లో మొదట ప్రదర్శితమై, 1909 నాటి రెండవ కూర్పులో సంపూర్ణ రూపం పొందిన ‘కన్యాశుల్కం’ నాటకంలో మధురవాణి అందరికన్న తెలివైన మనిషి. గిరీశంతో ఒక మాట తీరు, రామప్పంతులుతో ఒక తీరు, కరటకశాస్త్రితో ఒక తీరు. చివర పురుష వేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్ళి, వేశ్యల నీడ సోకనివ్వని ఆ పెద్దమనిషినే ఆలోచనలో పడవేస్తుంది. వాడుక భాష ఎంత సూక్ష్మంగా పనిచేయగలదో గురజాడ ఈమె నోట నిరూపించినాడు. పి. పుల్లయ్య 1955లో తీసిన చిత్రంలో ఈ భాషలో చాలా భాగం పోయినది. అంత పెద్ద నాటకాన్ని కుదించేటప్పుడు మొదట పోయేది మాటలోని మెలికలే. ఆ పోయినదానిని నటి కంఠంతో కొంత పూడ్చినది. ఒకరితో మాట్లాడి మరొకరి వైపు తిరిగేలోగా గొంతు మారడం వినండి. అయితే గురజాడ మధురవాణిలో ఒక ఎకసెక్కెం ఉన్నది, లోకాన్ని చులకనగా చూచే ఒక పదును. సావిత్రి దానిని కొంత మెత్తబరచి, కరుణను పెంచినది. నాకు నాటకంలోని మధురవాణియే ఎక్కువ ఇష్టం. తెర మీది ఆమెను చూచి నాటకం చదివేవారు మాత్రం ఆ పదునుకు ఉలికిపడుతారు. అట్లా ఉలికిపడడం మంచిదే.

ఇక ‘మాయాబజార్’. కె. వి. రెడ్డి 1957లో తీసిన ఈ చిత్రాన్ని గూర్చి తెలుగువారికి చెప్పవలసినదేమీ మిగలలేదనిపిస్తుంది. అయినా ఒక సంగతి చెప్పుకొనవచ్చును. మన రంగస్థలానికి పురుషులు స్త్రీ వేషం ధరించే దీర్ఘ సంప్రదాయమున్నది. కూచిపూడి సత్యభామలు అందరూ ఒకప్పుడు మగవారే. స్థానం నరసింహారావు సత్యభామ నడకను చూడడానికి ఊళ్ళకు ఊళ్ళు కదిలేవి. ‘దేవదాసు’ దర్శకుడు వేదాంతం రాఘవయ్య ఆ కూచిపూడి నుండి వచ్చినవాడే. స్త్రీగా మారిన పురుషుడిలో పురుషుడు ఎక్కడా కనబడకపోవడం ఆ సంప్రదాయంలో సిద్ధి.

‘మాయాబజార్’లో ఈ సంప్రదాయం తలకిందులైనది. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించి ద్వారకలో కూర్చుంటాడు. వాడు పురుషుడు, పైగా రాక్షసుడు. వాడు స్త్రీ వేషం వేసినాడు. ఆ వేషాన్ని వేసినది స్త్రీ. కనుక ఆమె చేయవలసినది, స్త్రీ శరీరంలో పురుషుడు ఎక్కడ బయటపడుతాడో చూపడం. స్థానం వారు దాచినదానిని సావిత్రి వెలికితీయాలి. అదీ ఎస్. వి. రంగారావు అనే ఒక నిర్దిష్టమైన నటుడి ఘటోత్కచుడై ఉండాలి. అతని భుజాల విసురు, అడుగు వేసే బరువు, నవ్వబోయే ముందు ఛాతీ నిండడం, వీటిని ఆ సన్నని దేహంలోకి ఆమె దించుకొన్నది. పెండ్లికూతురు మురిపెంతో ఒంటరిగా ఆడిపాడే ప్రసిద్ధ ఘట్టంలో సిగ్గు, సంతోషం వరుసగా వచ్చి, హఠాత్తుగా ఒక అడుగు తప్పుతుంది. తప్పిన అడుగు రాక్షసుడిది. వెంటనే సర్దుకొని మళ్ళీ పెండ్లికూతురు. ఆ సర్దుకోవడంలో కూడ ఒక దొంగ చూపు, ఎవరైనా చూచినారా అని. ఇక్కడ పాత్రలు మూడు: శశిరేఖ, ఆమెగా నటిస్తున్న ఘటోత్కచుడు, పట్టుబడబోయి తప్పించుకొన్నందుకు లోలోపల సంతోషిస్తున్న ఒక చిలిపి ప్రాణి. మూడింటినీ ఏ మాట సాయమూ లేకుండా చూపినది. పెండ్లిపీటల మీద రేలంగి లక్ష్మణకుమారుడి కాలు తొక్కేటప్పుడు ఆ ముఖంలోని అమాయకత్వం మరొక అద్భుతం.

లాక్షణికులు సాత్త్వికాభినయమంటారు, ఆంగికమంటారు. ఈ ఘట్టాన్ని ఏ గదిలో పెట్టాలో నాకు తోచదు.

ఇట్లు నటనతో ఆటలాడిన నటికి, నటనే ప్రాణం తీసే పాత్ర 1960లో వచ్చినది. గుత్తా రామినీడు ‘చివరకు మిగిలేది’కి మూలం 1959 నాటి వంగ చిత్రం ‘దీప్ జ్వేలే జాయ్’. దాని దర్శకుడు అసిత్ సేన్, కథ అశుతోష్ ముఖోపాధ్యాయది, నాయిక సుచిత్రా సేన్. అసిత్ సేనే తరువాత హిందీలో ‘ఖామోషీ’గా తీసినప్పుడు నాయిక వహీదా రెహమాన్. 1955లో ‘రోజులు మారాయి’లో నృత్యం చేసి తెలుగువారికి పరిచయమైన వహీదాయే. మూడు భాషల్లో ముగ్గురు మహానటులు ధరించిన పాత్ర ఇది.

మానసిక చికిత్సాలయంలో ఒక డాక్టరు ప్రయోగం చేస్తాడు. ప్రేమలో దెబ్బతిని మతి చెడినవానికి ప్రేమయే మందు. నర్సు ప్రేయసిగా నటించాలి. రోగి కోలుకోగానే తప్పుకోవాలి. ఒకసారి నటించి, ఒక రోగిని బాగుచేసి, తానే గాయపడిన నర్సుకు మళ్ళీ అదే పని అప్పగిస్తారు. రోగి కోలుకొంటాడు. ఆమె అదే ఆస్పత్రిలో రోగి అవుతుంది. తాను నటించలేదనీ, నటించడం తనకు చేతకాలేదనీ చెప్పుకోవడం ఆ కథకు ఆయువుపట్టు.

అనువాదకుడికి ఇది పరీక్ష. వంగభాషలో ‘అభినయ్’ అన్న మాట కళనూ, కపటాన్నీ రెంటినీ మోస్తుంది. తెలుగులో ‘నటన’ కూడ అంతే. నటించలేదని ఆమె అంటే, నేను నా పని సరిగా చేయలేదు అన్న తప్పొప్పుకోలూ, నేను అబద్ధమాడలేదు అన్న ఆక్రోశమూ ఒకే శ్వాసలో వినబడుతవి. హిందీలో ఈ రెంటినీ ఒకే మాటలో అంత సుళువుగా పట్టుకోలేము. కాబోలు, వహీదా మాట మీద ఆధారపడక మౌనం మీద ఆధారపడినది. చిత్రం పేరు కూడ అదే. ఆమె నిశ్చలత గొప్పది. సుచిత్రా సేన్ తన మహత్వాన్ని ఒక్క క్షణం కూడ విడువక విరిగిపోతుంది, విగ్రహం విరిగినట్లు. సావిత్రి నర్సు విగ్రహం కాదు. పనికి వచ్చే మనిషి. పని అలసట ఆమెలో ఉన్నది. మొదటిసారి నటించవలసి వచ్చినప్పటికన్న రెండవసారి ఆమె ఇంకా బాగా నటిస్తుంది, పని తెలిసినవారి వలె. ఆ నేర్పు చూస్తే మనకు భయం కలుగుతుంది.

ఈ చిత్రంలో ఆమె జీవితానికి జోస్యం ఉన్నదనేవారున్నారు. నేను ఒప్పుకోను. అదే పాత్ర ధరించిన సుచిత్ర, వహీదా అట్లా చితికిపోలేదు కదా. కథలోని నర్సు నటనకూ నిజానికీ మధ్య గోడ నిలుపుకోలేక పోయినది. ఆ పోవడాన్ని చూపిన నటికి ఆ గోడ ఎక్కడున్నదో అంగుళాలతో సహా తెలిసి ఉండాలి.

తరువాతి చిత్రాలను గూర్చి త్వరగా చెబుతాను. తమిళ ‘పాశమలర్’ 1961లో విజయం పొందినది. తెలుగులో ‘రక్తసంబంధం’ వచ్చినది. చెల్లెలి కన్నీరు బజారులో బాగా అమ్ముడుపోతుందని నిర్మాతలు తెలుసుకొన్నారు. సావిత్రి ఆ కన్నీటిని కూడ నేర్పుతోనే కార్చినది, కాని అందులో వేషం ఒక్కటే. లోపలి వేషం లేదు. 1962 నాటి ‘గుండమ్మ కథ’లో చక్రపాణి చేతిలో పడి మళ్ళీ కొంత తేరుకొన్నది. 1964 నాటి ‘మూగమనసులు’ చాలామందికి ప్రాణప్రదం. నాకు అందులో జమునయే ఎక్కువ గుర్తుంటుంది. ఆదుర్తి సుబ్బారావు దానిని హిందీలో ‘మిలన్’గా తీసినప్పుడు నాయికను మార్చి నూతన్‌ను తీసుకొన్నాడు గాని జమునను మార్చలేదు! ఆయన అభిప్రాయమూ అదే కావచ్చును. 1968లో సావిత్రి ‘చిన్నారి పాపలు’తో దర్శకురాలైనది. సాంకేతిక శాఖలలో వీలైనంతవరకు స్త్రీలనే పెట్టుకొని పనిచేసినది, సంగీతం పి. లీలది. ఆనాడు అది సాహసం. ‘మూగమనసులు’ను 1971లో ‘ప్రాప్తం’గా తమిళంలో తానే తీసి నష్టపోయినది.

కీర్తినీ జీవితాన్నీ విడదీసుకొన్న నటీమణులు లోకంలో లేకపోలేదు. ‘దేవదాసు’ వచ్చిన 1953లోనే జపానులో ఒజు యసుజిరో ‘టోక్యో కథ’ తీసినాడు. అందులో సెత్సుకో హారా యుద్ధంలో భర్తను పోగొట్టుకొన్న కోడలు. కన్నబిడ్డలు విసుక్కొనే ముసలి అత్తమామలను ఆమె చిరునవ్వుతో ఆదరిస్తుంది. చిత్రమంతా ఆ చిరునవ్వును నమ్మిన మనకు, చివర ఆమె మామగారితో, తాను వారనుకొన్నంత మంచిదాన్ని కానని చెప్పినప్పుడు గుండె ఝల్లుమంటుంది. ఆ నవ్వు కూడ ఒక వేషమే, మర్యాద అనే వేషం. పార్వతి జమీందారు ఇంట వేసుకొన్నదానికి అది చెల్లెలు వంటిది. ఇంత దూరపు దేశాల్లో, ఒకే ఏడు, ఒకరినొకరు ఎరుగని ఇద్దరు నటీమణులు ఈ ఒక్క సంగతిని పట్టుకొన్నారు.

హారా 1963లో సినిమా విడిచి కమకురాలో తలుపు మూసుకొన్నది. 2015లో, తొంభై అయిదవ ఏట కన్నుమూసే వరకు లోకానికి కనబడలేదు. సుచిత్రా సేన్ 1978 తరువాత కలకత్తాలో అట్లే చేసినది. 2014లో పోయినది. తలుపు మూసుకొన్న వారిని గూర్చి లోకం ఊహలల్లగలదు గాని వారి ముసలితనాన్ని చూడలేదు. తెర మీది ముఖమే మిగిలినది. సావిత్రికి ఆ తలుపు లేదు. చివరివరకు పని కావలసి వచ్చినది, చిన్న వేషాలు కూడ వేసినది. ఆమె క్షీణతను లోకం దగ్గరగా చూచినది. చూచినదానిని కథ చేసినది. 2018లో నాగ్ అశ్విన్ తీసిన ‘మహానటి’ ఆ కథకు గౌరవప్రదమైన రూపం. కీర్తి సురేశ్‌కు జాతీయ పురస్కారం తెచ్చినది. కొత్త తరానికి ఆమె పేరు చెప్పినందుకు దానికి కృతజ్ఞతలు చెప్పవలసినదే. కాని ఆ చిత్రం చూచి కన్నీరు తుడుచుకొన్న నా పరిచితులలో పలువురు ‘మిస్సమ్మ’ ఇంకా చూడలేదన్నారు.

‘మాయాబజార్’ 1957 మార్చి 27న విడుదలైనది. అప్పటికి సావిత్రికి పాతికేండ్లు లేవు. పార్వతి, మేరీ, మధురవాణి, ఇద్దరు శశిరేఖలు అప్పటికే తెర మీదికి వచ్చివున్నారు.